వంకాయ రంగు బండి

మా వైపు మగవాళ్ళ పరువు ఎంతో తెలుసుకోవాలంటే వాళ్ళ బండి ఎక్కడానికి కాలు ఎంత ఎత్తు లేపాలో చూస్తే చాలు. కాస్త పలుకుబడి రాగానే తెల్లటి ఎత్తు బండి కొంటారు. పలుకుబడి ఇంకాస్త పెరిగితే లావు టైర్లు వేయించి దాన్ని మరింత ఎత్తు చేస్తారు. అందులోంచి దిగేటప్పుడు మనిషి దిగినట్టు ఉండదు, మిద్దె మీది నుంచి దూకినట్టు ఉంటుంది. కమలాపురంలో అలా దూకేవాళ్ళను చూస్తూ పెరిగినవాడే నా మొగుడు. అలాంటివాడు ఉన్న బండిని కిందికి దించాలనుకున్నాడంటే దానికి కారణం ఒక పాట. ఆ పాటకు అర్థం చెప్పింది నేను కాబట్టి ఈ వ్యవహారంలో మొదటి ముద్దాయిని నేనేనని మా వీధిలో ఇప్పటికీ అంటారు.

ఆయనకు మైకు సెట్టు దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకూ, ఉరుసులకూ, జాతరలకూ, ఓట్ల సభలకూ పెట్టెలు అద్దెకిస్తాడు. సభలో ఎవరేం మాట్లాడారో ఆయనకు అక్కర్లేదు, పెట్టెలోంచి వచ్చే 'దుమ్' అనే శబ్దం ఎంత లోతుకు దిగిందన్నదే లెక్క. కొత్త పెట్టె వస్తే మొదటి పరీక్ష మా ఇంట్లోనే. వంటింటి అర మీద స్టీలు గిన్నెలు వాటంతట అవి నడవడం మొదలుపెడితే పెట్టె బాగున్నట్టు. ఒక ఆదివారం అలా పరీక్ష కోసం ఫోన్లో వెదుకుతుంటే దొరికింది ఆ పాట. మేమిద్దరం పుట్టకముందు ఎప్పుడో అమెరికాలో వచ్చిన పాట. అడుగున లావాటి తీగల శబ్దం ఒకే మాటను మళ్ళీ మళ్ళీ చెప్తున్నట్టు నడుస్తుంది. దాని మీద ఒక బూర బద్ధకంగా మూలుగుతుంది. మధ్యలో ఒకాయన, మధ్యాహ్నం కునుకు తీస్తుంటే ఎవరో లేపినట్టు, గొంతు పూర్తిగా తెరవకుండానే పాడతాడు.

గిన్నెలు నడిచాయి. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నన్ను పిలిచాడు.

"మే, ఇస్కూల్లో పిల్లోల్లకు ఇంగ్లీషు చెప్తావు గదా. ఈయప్ప ఏమంటాండాడో చెప్పు."

నేను చెవి పెట్టి విన్నాను. "ఒకాయన కారు కిందికి దించుకున్నాడంట. దాంట్లో మెల్లగా పోతాండాడంట."

"తర్వాత?"

"తర్వాతేముంది. పోతానే ఉండాడు."

"యాడికి?"

"యాడికీ లేదు. ఊరకే పోతాండాడు."

ఆయన పాట ఆపేశాడు. ఇంత చిన్న అర్థానికి నిరాశపడ్డాడేమో అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పద్యాల అర్థాలు చెప్తున్నాను, ఒక్కరి జీవితమూ మారలేదు. నా వివరణ విని మారిన మొదటి మనిషి నా మొగుడే కావడం నా అదృష్టం.

ఆ తర్వాత ఆయన ఫోన్లో అవే బొమ్మలు. అక్కడెక్కడో ఎండ కాసే ఊళ్ళలో జనం పాత కార్లకు మెరిసే రంగులు వేసి, నేల మీద పాకేంత కిందికి దించి, ఆదివారం పూట వీధుల్లో మెల్లగా తిప్పుతారు. తొందరగా పోవడం వాళ్ళకు నామోషీ. "చూడు, మనోల్ల మాదిరే ఉండారు" అన్నాడు ఆయన. ఎక్కడ చూసి అన్నాడో నాకు తెలియలేదు. ఎండ ఒక్కటే కలిసింది.

పాటలో ఉన్నది కారు. మాకున్నది పెట్టెలు మోసే పాత వ్యాను, తలుపు పక్కకు జరిగే రకం. కళాకారులకు ఇలాంటివి అడ్డం కావు. వ్యాను తీసుకుని కడపకు పోయాడు. అక్కడి మెకానికు ఈయన చెప్పింది రెండుసార్లు విని కూడా నమ్మలేదట.

"అరె భాయ్, ఈ ఊర్లో అందురూ పైకి లేపమని వస్తారు. నువ్వొక్కనివే కిందికి దింపమంటాండావు. ఇంట్లో ఏమన్నా పరేషానా?"

"ఒకసారి పాట ఇనప్పా" అని ఈయన పాట పెట్టాడట. మెకానికు స్పానరు పక్కన పెట్టి మొత్తం విన్నాడట. విన్నాక స్ప్రింగులు అనుకున్న దానికంటే ఒక చుట్టు ఎక్కువే కోశాడు. పిచ్చి అంటుకుంటుందని నేను ఊరికే అనను.

రంగు కూడా అక్కడే వేయించాడు. ఈయన ఫోన్లో చూపించింది మిలమిలలాడే ఊదా రంగు. వచ్చింది వంకాయ రంగు. దాని మీద అటూ ఇటూ వెండి పూలు. బండి అడుగున, పెళ్ళి పందిళ్ళకు కట్టే నీలం సీరియల్ లైట్లు. లోపల పెట్టెలు పెట్టే చోట ఎర్ర రెగ్జిన్ సోఫా. ఆ ఫోన్ బొమ్మల్లో స్టీరింగు గొలుసుతో చేసి ఉందని, ఈయన బర్రెను కట్టేసే గొలుసు తెచ్చి గుండ్రంగా వెల్డింగు పెట్టించాడు. మా ఇంట్లో బర్రె ఎన్నడూ లేదు. ఆ గొలుసు పట్టుకుని బండి తోలుతున్న మొగుణ్ణి చూశాక ఆ లోటు కూడా తీరింది.

పనంతా అయిన రోజు సాయంత్రం బండి పాట పాడుకుంటూ మా వీధిలోకి వచ్చింది. ఇక్కడ మా వీధి సంగతి చెప్పాలి. మాకు కొళాయి నీళ్ళు రోజూ రావు. వచ్చిన రోజు ఊరంతా పండగ. పెద్ద గొట్టం వీధికి ఒక పక్కనే ఉంది. అవతలి పక్క ఇళ్ళవాళ్ళు సిమెంటు రోడ్డుకు అడ్డంగా పైపు పరిచి, దాని మీద సిమెంటు పోసి గట్టు కట్టుకుంటారు. ఇంటికొక గట్టు. గట్టు ఎత్తుగా ఉంటే పైపుకు మంచిదంటారు గానీ, అసలు సంగతి వేరు, ఎత్తు బండ్లలాగే ఇదీ పరువే. మా వీధిలో అన్నిటికంటే ఎత్తు గట్టు మాది. దుకాణానికి స్లాబు వేసినప్పుడు మిగిలిన కాంక్రీటంతా ఆయనే స్వయంగా పోయించి, పైన కడప బండ ముక్క కూడా అతికించాడు. ఆ రోజు దాని పక్కన నిలబడి ఫోటో కూడా దిగాడు.

బండి దారిలో గట్ల దగ్గరల్లా ఆగింది. ఇళ్ళలోంచి మగవాళ్ళు వచ్చి ఎత్తి అవతల పెట్టారు. అలా ఊరేగి వచ్చి మా ఇంటి ముందు, మా గట్టు మీద, పొట్ట ఆనించి కూర్చుంది. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. పాట ఆగలేదు.

పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబు ఉంటాడు. దారం సూది చేతిలో పట్టుకునే వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఏమప్పా, కొత్త బండి పొదిగేకి కూసున్నట్టుండాదే. గుడ్లెన్ని పెట్టింది?"

అందరూ కలిసి దాన్ని ఎత్తి మా అరుగు పక్కన పెట్టారు. తర్వాత రెండు మూడుసార్లు బయటికి తీశాడు. అప్పటికి మా వీధి మగవాళ్ళకు ఆ పాట మొదటి 'దుమ్' వినగానే ఇంట్లో పనులు గుర్తుకు రావడం అలవాటైంది. దాంతో బండి అరుగు పక్కనే ఉండిపోయింది. పెట్టెలు మోయడానికి ఆటో మాట్లాడుకుని, సాయంత్రం దుకాణం నుంచి వచ్చాక బండిలో కూర్చుని పాట పెట్టుకునేవాడు. పాటలో ఆయన ఎక్కడికీ పోడు కదా, ఈయనా అంతే. అర్థం నేనే చెప్పాను, ఎవరిని అనాలి?

ఇక మా అత్త. మా ఆయనకు అమ్మ. పొడుగ్గా, నిండుగా ఉండే మనిషి, నోరు కూడా అంతే నిండు. మోకాళ్ళు ఏనాడో పోయాయి. ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని మంచం నుంచి అరుగు దాకా నడుస్తుంది, అదే ఆమె లోకం. మెట్టు ఎక్కలేదు, మెట్టు దిగలేదు. చాలా ఏళ్ళ కింద ఒక పెళ్ళికి పోతూ ఎత్తు జీపు ఎక్కలేకపోతే బంధువుల పిల్లలిద్దరు చంకల కింద చేతులు వేసి ఆమెను ఎత్తి లోపల వేశారు. చీర పిక్కల దాకా జరిగింది, పెళ్ళివారంతా చూశారు. "నన్ను బియ్యం మూట మాదిరి ఎత్తినారు" అని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. ఎవరూ తనను ఎత్తకూడదు. చక్రాల కుర్చీ అంటే పాడె చూపించినట్టు చూస్తుంది. డాక్టరు ఇంటికే వస్తాడు, తిట్లు తిని పోతాడు.

ఆమెకు ఒకే చెల్లెలు, రాజంపేటలో. ఇద్దరికీ ఒకే పందిట్లో పెళ్ళయింది. రోజూ పొద్దున పూట ఫోన్లో ముఖాలు చూసుకుని పోట్లాడుకునేవాళ్ళు. ముఖాలు అన్నాను గానీ, ఇద్దరూ మాట్లాడగానే ఫోనును చెవికి ఆనించేవాళ్ళు. మా ఫోన్లో ఎప్పుడూ చిన్నత్త చెవి, కమ్మ, దాని వెనక తిరిగే ఫ్యాను కనపడేవి. అక్కడ వాళ్ళకు మా అత్త చెవి కనపడేది. ఎంత చెప్పినా ఇద్దరూ మారలేదు. చిన్నత్తకు గుండె బలహీనం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకరికి కాళ్ళు లేవు, ఒకరికి ఊపిరి లేదు. మధ్యలో కడప ఉంది, బస్సులున్నాయి, కార్లున్నాయి, అయినా ఒకరినొకరు చూసుకుని ఏళ్ళయింది.

ఒక రోజు ఫోన్లో చెవి కనపడలేదు. చిన్నత్త కోడలు మాట్లాడింది. "ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినామక్కా. ఇంగ ఇంట్లోనే పెట్టుకోమన్నారు. పెద్దమ్మను ఎట్లన్నా తీసుకురాండి. నిద్రలో గూడా అక్కా అక్కా అంటాంది."

అత్త అంతా విన్నది. ఎప్పుడూ ఒళ్ళో ఉండే ఆకువక్క డబ్బా మూత కూడా తీయలేదు. మా ఆయన ఏడవడానికి సిద్ధంగా ఉన్న ముఖంతో, అన్ని దారులూ చెప్పాడు. వీధి చివరింటాయన ఎత్తు బండి ఇస్తానన్నాడు. ఇద్దరం జాగ్రత్తగా ఎక్కిస్తాం. కుర్చీతో సహా ఎక్కిస్తాం. చీర ఒక్క అంగుళం జరగనీయం.

"నన్ను ఎవురూ ఎత్తేకి లేదు."

"అమ్మా, చిన్నమ్మను చూడవా?"

"నేను పోను. అది నా మాదిరి మొండిది, నాకోసం ఉంటాది లే." అని గోడ వైపు తిరిగింది. వీపు కదులుతోంది. ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదటిసారి. నాకు కోపం వచ్చింది. ఇంత పంతం ఎవరి మీద, ఎందుకు? వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా కడిగాను.

మర్నాడు పొద్దున అత్త గోడ పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. వంకాయ బండి ఎప్పటిలాగే అరుగుకు ఆనుకుని ఉంది, తలుపు తెరిచి. మా ఆయన లోపల దుమ్ము తుడుస్తున్నాడు. అత్త కాసేపు చూసింది. చేతికర్రతో బండి లోపలి నేలను తట్టింది, తర్వాత అరుగును తట్టింది.

"ఇది నా అరుగుకు సమంగా ఉండాదే" అంది.

ఎవరమైనా ఏదన్నా అనేలోపు ఒక అడుగు వేసింది. మెట్టు లేదు, ఎక్కడం లేదు. అరుగు మీద నుంచి ఎర్ర సోఫా దాకా, మంచం నుంచి అరుగుకు వచ్చినట్టే నడిచి పోయి కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"పాండి, పోదాం" అంది.

ఆయన నా వైపు చూశాడు. ఏదన్నా అంటానేమోనని భయపడ్డాడు కాబోలు. నేను పరుగెత్తి పోయి చెప్పులు వేసుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాను.

బండి కదిలింది. మా గట్టు దగ్గర ఆగింది. ఈసారి పనులేవీ గుర్తుకు రాకుండానే వీధి మగవాళ్ళంతా వచ్చారు. ఎత్తడానికి చేతులు వేశారు. లోపల్నుంచి అత్త గొంతు వచ్చింది.

"ఆగండి. నేను లోపలుంటే, బండిని ఎత్తితే నన్ను ఎత్తినట్టే గదా?"

అందరూ చేతులు తీసేశారు. దిగమంటే అక్కడ అరుగు లేదు. వెనక్కి పోతే మళ్ళీ మంచమే. మా ఆయన గొలుసు స్టీరింగు వదిలేశాడు. తర్వాత దిగి ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చాడు. తను పోయించిన కాంక్రీటు, తను అతికించిన కడప బండ. ఎంత గట్టిగా కట్టించుకున్నాడో ఆ రోజు ఆయనకే బాగా తెలిసింది. చెమటలు కక్కుతూ పగలగొట్టాడు. పైపు కోసి పక్కకు లాగేశాడు.

తల ఎత్తి చూసేసరికి పరుపుల సాయిబు తన గట్టు మీద గడ్డపార వేస్తున్నాడు.

"ఏమప్పా, నీల్లొచ్చే దినం. నీ పైపు..." అన్నాడు మా ఆయన.

"నీల్లు మల్లొస్తాయి. అమ్మను పోయి రానీ" అన్నాడు సాయిబు.

తర్వాత ఆ పక్కిల్లు, దాని పక్కిల్లు. ఆడవాళ్ళు సిమెంటు పెళ్ళలు చీపుళ్ళతో ఊడ్చారు. బండి ఒక్కో ఇల్లు దాటుతూ నడిచింది. వీధి చివర తెల్ల ఎత్తు బండి ఆయన గట్టు మిగిలింది. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని, "మా బండికైతే ఇది ఉన్నట్టు గూడా తెలీదప్పా" అన్నాడు. అత్త కిటికీ అద్దంలోంచి ఆయన వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఎలా ఉంటుందో మా వీధిలో అందరికీ తెలుసు. ఆయనే పోయి గడ్డపార తెచ్చుకున్నాడు.

పెద్ద రోడ్డు ఎక్కాక మా ఆయన మర్యాద కొద్దీ పాట పెట్టలేదు. ఏరు దాటి చెన్నూరులో ఆగాం. చెల్లెలికి చెన్నూరు తమలపాకు తప్ప ఇంకేదీ పనికిరాదట. ఆకులమ్మే ఆయన బండి లోపలికి చూడటానికి దాదాపు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కడపలో స్పీడుబ్రేకర్లను ఒక్కో చక్రంతో ఐమూలగా దాటుతుంటే వెనక బండ్లన్నీ హారన్లతో మమ్మల్ని ఆశీర్వదించాయి. కుర్రాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. అత్త వాళ్ళకు చెయ్యి ఊపింది. నేను చున్నీతో ముఖం కప్పుకున్నాను. ఊరు దాటాక అత్త, "రేయ్ అబ్బీ, ఆ గురక పాట పెట్టు" అంది. పెట్టాడు. ఒంటిమిట్ట దగ్గర కూర్చున్నచోటే చేతులు జోడించి, మళ్ళీ తొడ మీద వేళ్ళతో తాళం వేసుకుంది. "ఇది మెరవణి పాట మాదిరుండాది" అంది. పెళ్ళి ఊరేగింపును మేం మెరవణి అంటాం. ఆ పాట పాడినవాళ్ళు వింటే ఏమనేవాళ్ళో గానీ, నేను చెప్పిన అర్థం కంటే అదే నయం.

రాజంపేటలో చిన్నత్త ఇంటి ముందు ఆగాం. ఆగాక గుర్తొచ్చింది, ఆ ఇంటికి వీధిలోంచి నిటారుగా నల్లబండ మెట్లు. వానకు నీళ్ళు రాకుండా ఎత్తున కట్టుకున్న ఇల్లు. అత్త ఆ మెట్లను కింది నుంచి పైదాకా చూసింది. ఇంత దూరం వచ్చాక ఎవరన్నా ఎత్తుతాం అంటారేమో, ఆమె కాదంటుందేమో అని భయపడ్డాను.

పైన తలుపు దగ్గర చిన్నత్త కనపడింది. నాకు గుర్తున్న మనిషిలో సగం కూడా లేదు. కోడలు పట్టుకోబోతే విదిలించుకుంది. మొండితనంలో ఎవరికీ తీసిపోదు. గడప మీద కూర్చుంది. కూర్చునే, ఒక్కో మెట్టూ జరుగుతూ కిందికి వచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంది. మేమంతా చూస్తూ నిలబడ్డాం. చివరి మెట్టు బండి నేలకు సమంగా లేదు, కాస్త పైనే ఉంది. చిన్నత్తకు అది చాలు. జారి ఎర్ర సోఫాలో అక్క పక్కన పడింది.

చాలాసేపు ఊపిరి అందలేదు. అందాక అత్త గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఫోన్లో నీ చెవి చూసి చూసి, మొగం మర్చిపోయినా అక్కా."

అత్త చెన్నూరు ఆకు ఒకటి తీసి ఈనె తుంచి, సున్నం రాసి, చిన్నత్త నోట్లో పెట్టింది. కోడలు ఆకువక్క వద్దన్నారని అనబోయి ఆగింది.

"యాడికి పోదాం చిన్నమ్మా?" అన్నాడు మా ఆయన.

"యాడికీ వద్దు నాయనా. ఊరకే పోనీ" అంది చిన్నత్త.

నేను ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఆయన పాట చిన్నగా పెట్టాడు. రాజంపేట వీధుల్లో అరటిగెలల లారీల పక్క నుంచి, టీ అంగళ్ళ ముందు నుంచి తిరిగాం. వెనక ఇద్దరూ ఒకరి చేతిలో ఒకరు చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. అది మెరవణి పాటేనని చిన్నత్త కూడా ఒప్పుకుంది. తమ పెళ్ళి రోజు ఇద్దరు పెళ్ళికూతుళ్ళనూ, ఇద్దరు పెళ్ళికొడుకులనూ ఒకే కారులో ఇరికించి ఊరేగించారట. కారు ఊళ్ళో ఎవరో పెద్దాయనది, పైకప్పు లేనిది.

తిరిగి తిరిగి చిన్నత్త ఇల్లున్న సందులోకి మళ్ళాం. నల్లబండ మెట్లు దూరం నుంచి కనపడుతున్నాయి. చిన్నత్త అక్క భుజం మీద తల పెట్టింది. అత్త కర్రతో మా ఆయన సీటును తట్టింది.

"అబ్బీ, మెల్లగ పోనీ. ఆ పొద్దు గూడా డ్రైవరుకు నేనే చెప్పినా, మెల్లగ పోనీ అప్పా అని. ఈది చివర్న కారు దిగితే ఇది ఒగ తట్టు, నేనొగ తట్టు పోవల్ల గదా."

ఆయన ఇంకా మెల్లగా తోలాడు. సందులో ఒక మేక మమ్మల్ని దాటుకుని ముందుకు పోయింది.

"ఇంగా మెల్లగ" అంది అత్త.